నుదుటికి కాదు, నోటికి

మా అక్క శాంతిప్రియ, విందుల్లో పచ్చి కూరగాయల ముక్కలు పెడతానని చెప్పినప్పుడు నాయన నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. పెరట్లో కట్టేసిన మేకల వైపు తిరిగి, వాటికే చెబుతున్నట్టు అన్నాడు.

"వింటిరా? మీకు వేసేది ఇంక మనుసులకు పెడతారంట."

అక్క కేటరింగ్ చదివి, మదురైలో ఒక పెద్ద హోటల్లో పనిచేసి వచ్చింది. అక్కడ విందుల్లో భోజనానికి ముందు కీరా దోసకాయ, క్యారెట్, ముల్లంగి వేలంత ముక్కలుగా కోసి, ఐసు నీళ్ళలో వేసి తీసి, పక్కన చిన్న గిన్నెల్లో చిక్కటి పచ్చళ్ళ లాంటివి పెట్టేవారట. ముక్కను అందులో అద్దుకుని తినాలి. ఆ గిన్నెలో ఉండేదాన్ని డిప్ అంటారు. కరకరమంటూ ముక్క తింటుంటే ఆకలి పుడుతుంది గానీ కడుపు నిండదు.

"మన పక్కల కల్యాణాల్లో ఆకు వేసేసరికి ఎంత పొద్దు పోతుంది నాయనా," అంది అక్క. "అంతదాకా బజ్జీలు తిని, మల్లా కడుపుమంట అని మూలుగుతారు. సగం మందికి సుగరు. వాళ్ళకు స్వీటు పెట్టేదానికి లేదు. ఇది పెడితే ఎవరికీ ఏమీ కాదు."

"ఏమీ కాదు, సరేలే. అంతలోకి నువ్వు వెంబకోట్టైకి పో."

వెంబకోట్టై దగ్గర ఒక టపాసుల ఫ్యాక్టరీ ఆఫీసులో నాయనకు తెలిసిన మనిషి ఉన్నాడు. సోమవారం నుంచి అక్కను అక్కడ పనికి రమ్మన్నాడు. ఫ్యాక్టరీ వ్యాను మా ఊరి మలుపు దాకా వస్తుంది. మాది పుదూరు పక్క మానావారి ఊరు. వాన పడితే పంట, లేకపోతే లేదు. అందుకని నాయనకు నెలనెలా జీతం వచ్చే ఉద్యోగమంటే గౌరవం. అక్కకేమో రోజంతా కుర్చీలో కూర్చుని పెట్టెలు ఎన్ని వచ్చాయో ఎన్ని పోయాయో చూడటం అస్సలు ఇష్టం లేదు.

రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. చివరికి నాయనే ఒక మాట మీదికి వచ్చాడు. ఆదివారం విరుదునగర్‌లో మా దూరపు చుట్టం జెయంతి అక్క కూతురి నిశ్చితార్థం. అందులో అక్క ఈ ముక్కల పళ్ళెం పెడుతుంది. అది నచ్చి, కల్యాణానికి కూడా అక్కనే పిలిస్తే నాయన ఇక వెంబకోట్టై మాట ఎత్తడు. పిలవకపోతే సోమవారం పొద్దున్నే అక్క వ్యాను ఎక్కాలి.

"నీ తోడు ఎవరు?" అని అడిగాడు నాయన.

"సెల్వి ఉందిగదా," అంది అక్క.

నాయన నన్ను చూశాడు. అప్పుడు మాత్రం నవ్వాడు.

నా పేరు పాండిసెల్వి. నేను కొత్తవాళ్ళ ముందు మాట్లాడలేను. బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యెత్తుతానే గానీ గొంతు రాదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుంటాను, అక్కడైతే ఎవరూ తిరిగి ప్రశ్న వేయరు. అక్కకు ఇది తెలుసు. అందుకే నాకు ఒకే ఒక్క వాక్యం ఇచ్చింది. ఇంట్లో తెలుగైనా బయట అందరం తమిళమే మాట్లాడతాం కాబట్టి అది తమిళంలో: "వాంగ, ఇదు సాప్పిడ్రదు, తొట్టు సాప్పిడుంగ." రండి, ఇది తినేది, అద్దుకుని తినండి, అని.

"వచ్చినోళ్ళకు ఈ మాట చెప్పి పళ్ళెం చూపించు. చాలు. మిగతాది సుమ్మా, ఊరికే నిలబడితే అయిపోతుంది," అంది అక్క.

శనివారం కోవిల్పట్టి మార్కెట్లో కూరగాయలు ఏరుకుని, మా అత్త ఇంట్లో పడుకుని, ఆదివారం మొదటి బస్సులో విరుదునగర్ చేరాం. దారిలో సాత్తూరు దాటేదాకా నేను నా వాక్యాన్ని పెదవుల్లోనే చెప్పుకుంటూ ఉన్నాను. ప్రతిసారీ బాగానే వచ్చింది.

మండపం వంటింట్లో ఒక మూల మాకిచ్చారు. అక్క ముక్కలు కోస్తుంటే నేను కడిగి ఐసు నీళ్ళలో వేశాను. డిప్‌లు మూడు. పుట్నాల పప్పు, నిమ్మరసం, వెల్లుల్లి, కొంచెం పసుపు వేసి రుబ్బింది పచ్చగా మెత్తగా వెన్నలా వచ్చింది. బీట్‌రూట్, ఎండుమిర్చి కలిపింది ఎర్రగా ఉంది. మూడోది పెరుగును గుడ్డలో వడగట్టి మిరియాలు వేసింది, తెల్లగా. అక్క వాటిని ప్లాస్టిక్ గిన్నెల్లో పోస్తుంటే జెయంతి అక్క వచ్చింది. పట్టుచీర కట్టుకుని, నడుముకు తాళాల గుత్తి దోపుకుని, చెమటలు కక్కుతోంది.

"ఏందే ఇది, పిలాస్టిక్కా? సాత్తూరునుంచి మాప్పిళ్ళై వాళ్ళు వస్తుండారు. పెళ్ళికొడుకు అవ్వ అళగమ్మాళ్ కంటికి ఇది పడితే నా మానం పోతుంది."

"కడిగిన గిన్నెలేక్కా," అంది అక్క.

"కడిగితే ఏమి, కడక్కపోతే ఏమి. ఉండు."

వెళ్ళి ఒక గుడ్డమూట తెచ్చింది. అందులో వెండి పళ్ళెం, మూడు వెండి గిన్నెలు. వాళ్ళ ఇంట్లో మూడు తరాలుగా ఉన్నవట. అక్క ముఖం వెలిగిపోయింది. వెండిలో పోసేసరికి ఆ మూడు రంగులు నిజంగానే చాలా బాగున్నాయి. చుట్టూ ముక్కల్ని పువ్వు రేకుల్లా పేర్చాం. జెయంతి అక్కే దగ్గరుండి వాకిట్లో, లోపలికి వచ్చే దారి పక్కన బల్ల వేయించి, తెల్లగుడ్డ పరిపించి, పళ్ళెం అక్కడ పెట్టించింది. ఎండలో వచ్చినవాళ్ళకు ముందుగా చల్లగా ఏదైనా దొరకాలని ఆమె ఆలోచన. మంచి ఆలోచనే. ఎవరో బల్ల ఖాళీగా ఉంది కదా అని పన్నీరు బుడ్డి కూడా తెచ్చి పళ్ళెం పక్కన పెట్టి పోయారు.

నాకు లంగా ఓణీ కట్టి, మల్లెపూలు పెట్టి, అక్క బల్ల వెనక నిలబెట్టింది.

"స్పూన్లు మరిచిపోయినాం పిల్లా. ఒకే గిన్నెలో అందరూ అద్దితే ఎంగిలి అంటారు. నేను వంటింట్లో అడిగి తెస్తా. సాత్తూరు వాళ్ళ వ్యాను వచ్చేదానికి ఇంకా టైం ఉండాది," అంటూ వెళ్ళింది.

టైం లేదు. అక్క అటు తిరిగిందో లేదో బయట హారన్ మోగింది. నాదస్వరం అందుకుంది. చూస్తుండగానే వాకిలి నిండా మనుషులు.

అందరికంటే ముందు అళగమ్మాళ్ వచ్చింది. సన్నగా, నిటారుగా, తెల్లజుట్టు ముడి వేసుకుని, చెవులకు బరువైన బంగారు కమ్మలతో ఉంది. వాళ్ళ ఇంట్లో ఆమె మాటే మాట అని మాకు ముందే చెప్పారు. నేరుగా నా ముందుకే వచ్చి ఆగింది.

నేను నోరు తెరిచాను. బస్సులో అన్నిసార్లు వచ్చిన వాక్యం ఒక్క ముక్క కూడా రాలేదు. చేతులతో పళ్ళెం చూపించాను, అంతే.

ఆమె నా పూలను చూసింది, ఓణీని చూసింది, వెండి గిన్నెల్ని చూసింది, పన్నీరు బుడ్డిని చూసింది. తృప్తిగా తల ఊపింది. ఉంగరం వేలు పచ్చటి గిన్నెలో ముంచి, నుదుటికి పెట్టుకుంది. ఇంకొంచెం తీసుకుని మెడకు రాసుకుంది. తర్వాత ఎర్ర గిన్నెలో వేలు పెట్టి, నుదుటి మీద ఆ పచ్చదాని నడుమ గుండ్రంగా బొట్టు దిద్దుకుంది. నా తల నిమిరి లోపలికి నడిచింది.

మా వైపు ఏ కార్యమైనా అంతే. వాకిట్లో వయసుకొచ్చిన ఆడపిల్ల నిలబడుతుంది, వెండి పళ్ళెంలో గంధం, కుంకుమ ఉంటాయి, వచ్చినవాళ్ళు పెట్టుకుని లోపలికి పోతారు. ఎవరూ ఎవరినీ అడగరు. పుట్టినప్పటినుంచి చూస్తున్నది కదా. పెద్దామె పెట్టుకున్నాక వెనకున్నవాళ్ళు ఆలోచించే పనే లేదు. ఒకరి తర్వాత ఒకరు వేళ్ళు ముంచుతున్నారు. పెళ్ళికొడుకు మేనమామ చెల్లసామి పెద్ద మనిషి, పెద్ద పొట్ట. ఆయన నాలుగు వేళ్ళూ ముంచి, రెండు ముంజేతులకూ మోచేతి దాకా దట్టంగా పూసుకుని, "సందనం బలే సల్లంగా ఉండాదే," అన్నాడు పక్కాయనతో. ఐసులో పెట్టింది కదా, ఎందుకుండదు. ఒక అత్త పన్నీరు బుడ్డి తీసి వచ్చేవాళ్ళ మీద చల్లుతూ, మధ్యలో క్యారెట్ ముక్కల మీద కూడా చల్లింది. ఆ ముక్కలు అలంకారానికి పెట్టినవని అనుకుంది కాబోలు.

నేను స్తంభంలా నిలబడ్డాను. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా ఈసారి చెబుతానని అనుకున్నాను. కానీ ఒకరికి చెప్పలేదు కాబట్టి రెండో మనిషికి చెప్పడం ఇంకా కష్టమైంది. పదోమనిషి దగ్గరికి వచ్చేసరికి, ఇప్పుడు చెబితే ముందు పోయినవాళ్ళందరి సంగతి ఏమిటనే భయం. నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది. రెంటినీ కలిపి పెదవులు బిగించాను.

స్పూన్ల కట్టతో అక్క వచ్చేసరికి పచ్చగిన్నె అడుగు కనిపిస్తోంది. అక్క ఖాళీ గిన్నె చూసి ముందు సంతోషపడింది.

"అప్పుడే తినేసినారా?"

నేను లోపలికి చూపించాను.

మండపంలో వరసగా కుర్చీల్లో కూర్చున్న సాత్తూరు వాళ్ళందరి నుదుళ్ళ మీదా మా పుట్నాల పప్పు ఎండి, చిన్న చిన్న పగుళ్ళు ఇస్తోంది. చెల్లసామి మామ నుదుటి మీది బీట్‌రూట్ చెమటకు కరిగి ముక్కు దాకా ఎర్రటి గీతలా దిగింది. ఆయన చేతుల చుట్టూ ఈగలు. ఫోటోగ్రాఫర్ ఒక్కొక్కరి దగ్గరికి పోయి శ్రద్ధగా ఫోటోలు తీస్తున్నాడు.

అక్క చేతిలో స్పూన్లు గలగలమన్నాయి.

అదే సమయానికి జెయంతి అక్క కూడా చూసింది. నాలుగు అంగల్లో మా దగ్గరికి వచ్చింది. అరవలేదు. పళ్ళ మధ్య నుంచి మాట్లాడింది, అది ఇంకా భయంగా ఉంది.

"ఏం పని చేస్తిరే. వెల్లుల్లి పూసి పంపిస్తిరా మా సంబంధం వాళ్ళను? వాళ్ళకు తెలిసేలోగా ఈ పళ్ళెం తియ్యి. తీసుకొని వెనక వాకిలినుంచి వెళ్ళిపోండి. కల్యాణం మాట ఇంక నా దగ్గర ఎత్తొద్దు."

 వెండి గిన్నెలు మాకు ఎవరిచ్చారని అక్క అడగొచ్చు, అడగలేదు. స్పూన్లు బల్ల మీద పెట్టి పళ్ళెం రెండు అంచులూ పట్టుకుంది. ఆమె ముఖం నేను ఎప్పుడూ చూడనంత ఖాళీగా ఉంది. మలుపు దగ్గర వ్యాను ఎక్కుతున్న అక్క నా కళ్ళ ముందు కనిపించింది. ఆ పళ్ళెం వెనక వాకిలి దాటితే ఇక అంతే.

లోపల అళగమ్మాళ్ ముక్కు ఎగబీల్చింది. కుడివైపు వాసన చూసింది, ఎడమవైపు చూసింది. మెడ తడుముకుని, వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏమి సందనమో ఇది," అని పక్కామెతో అంటోంది. "తాళింపు వాసన వస్తుండాది."

నా కాళ్ళు ఎప్పుడు కదిలాయో నాకు తెలియదు. ఆమె ముందుకు పోయి నిలబడ్డాను. తమిళ వాక్యం అప్పుడు కూడా రాలేదు. ఇంట్లో మాట వచ్చింది.

"అవ్వా, అది నుదుటికి కాదు, నోటికి."

నేను మెల్లగానే చెబుదామనుకున్నాను. కానీ ఆ క్షణంలోనే నాదస్వరం ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. మండపం ఆ చివరిదాకా వినిపించింది. తలలన్నీ ఇటు తిరిగాయి, ఒక్కొక్కటి మీద ఒక్కో పచ్చటి మచ్చతో.

"ఏమంటివి బిడ్డా?" అంది అళగమ్మాళ్. ఆమె కూడా తెలుగులోనే అడిగింది.

ఒకసారి నోరు తెరుచుకున్నాక మూసుకోవడం తెలియలేదు నాకు. "అది తినేది అవ్వా. కీరా ముక్కను అందులో అద్దుకొని తినాలి. మా అక్క చేసింది. నేను వాకిట్లో చెప్పాల్సింది, మీరు వచ్చేసరికి నాకు మాట రాలేదు. మా అక్క తప్పు కాదు."

 అళగమ్మాళ్ వేలితో నుదుటి మీది పగుళ్ళలోంచి కాస్త గీకి, నాలుక మీద వేసుకుంది. అందరూ ఆమె నోటినే చూస్తున్నారు. జెయంతి అక్క కళ్ళు మూసుకుంది.

"పుట్నాలా?"

"అవునవ్వా."

"నిమ్మకాయ పిండినారు."

"అవునవ్వా. వెల్లుల్లి కూడా."

"వెల్లుల్లి నాకు ఎప్పుడో తెలిసె." ఆమె భుజాలు కదిలాయి. ముందు దగ్గు అనుకున్నాను. కాదు, నవ్వుతోంది. శబ్దం లేకుండా మొదలై, కమ్మలు ఊగేదాకా పోయింది. "చెల్లసామీ, నీ చేతులు చూసుకోరా. రెండు ఇడ్లీలకు సరిపోయేటంత పూసుకొని కూర్చున్నావు."

చెల్లసామి మామ చేతులు వాసన చూసుకున్నాడు. మర్యాదస్తుడిలా జేబులో రుమాలు కోసం వెతికాడు, దొరకలేదు. లేచి వచ్చి, అక్క చేతిలోని పళ్ళెంలోంచి ఒక క్యారెట్ ముక్క తీసుకుని, ముంజేతి మీద గీసి, నోట్లో వేసుకున్నాడు. కరకర నమిలాడు.

"పన్నీరు వాసన వస్తుండాది," అన్నాడు. "అయినా బాగుండాది."

ఆ తర్వాత నవ్వు ఆపడం ఎవరివల్లా కాలేదు. పెళ్ళికూతురు కూడా తెర వెనక నుంచి తొంగి చూసి నవ్వింది. అక్క మాత్రం నవ్వుతూ నిలబడలేదు. పరుగెత్తి వంటింట్లోంచి ఐసులో ఉన్న రెండో విడత ముక్కలు, మిగిలిన డిప్‌లు తెచ్చింది. అందరూ వేళ్ళు పెట్టిన గిన్నెలు పక్కకు పెట్టి, అరిటాకు చిన్న ముక్కలుగా చింపి, ఒక్కొక్క దానిలో మూడు రంగులూ స్పూనుతో వడ్డించి, ఎవరిది వాళ్ళకే ఇచ్చింది. నేను ముక్కలు పంచుతూ కుర్చీ కుర్చీ దగ్గరా, "ఇది తినేది, అద్దుకొని తినండి," అని చెప్పాను. కొందరికి తమిళంలో, కొందరికి తెలుగులో, ఏది ముందు వస్తే అది. పెద్దవాళ్ళు లగ్నపత్రిక చదువుతున్నంతసేపూ మండపంలో కరకర శబ్దమే. చదివేవాడు రెండుసార్లు ఆగి, జనం వైపు చూసి, చివరికి తనకూ ఒక ఆకు ఇమ్మని సైగ చేశాడు.

భోజనాలు అయ్యాక జెయంతి అక్క మా దగ్గరికి వచ్చింది. కోపం చల్లారింది గానీ పోలేదు.

"నవ్వేసినారు, సరి. ఆల్బంలో మా వాళ్ళందరి మొకాలూ ఎట్ల ఉంటాయో తెలుసా? నా వల్ల కాదమ్మా. కల్యాణానికి మామూలుగా బజ్జీలే పెట్టించుకుంటా."

అక్క తల ఊపింది. వెండి గిన్నెలు కడిగి, తుడిచి, మూట కట్టి ఆమె చేతికి ఇచ్చింది. ఆ మూట అందుకుంటున్నప్పుడు జెయంతి అక్క కూడా ఒక్క క్షణం కిందికి చూసింది. ఆ గిన్నెల్లో అన్నాళ్ళుగా గంధం, కుంకుమే పెట్టేవారని ఆమెకు మా కంటే బాగా తెలుసు. అయినా మాట మార్చలేదు.

మేము ఐసు పెట్టె సర్దుకుంటుంటే అళగమ్మాళ్ వచ్చింది. నుదురు కడుక్కుంది గానీ బీట్‌రూట్ బొట్టు పోలేదు, గులాబీ రంగులో మిగిలింది.

"కల్యాణం జెయంతి వాళ్ళది. సాయంత్రం రిసెప్షన్ మాది, సాత్తూరులో," అంది అక్కతో. "మా ఇంట్లో మొగవాళ్ళు అందరికీ సుగరు. బజ్జీ చూస్తే ఆగరు, తిన్నాక నన్ను సంపుతారు. ఈ పచ్చిముక్కలు నువ్వు వచ్చి పెట్టు. వాకిట్లో వద్దు, లోపల. వెండి వద్దు."

"సరే అవ్వా," అంది అక్క. 

"ఇంకొకటి. ఈ బిడ్డ బల్ల దగ్గర నిలబడాల. వచ్చినోళ్ళకు నోరు తెరిచి చెప్పాల. ఇది లేకుంటే నువ్వు కూడా రావొద్దు."

అక్క నావైపు చూసింది. సరేనని నా తరఫున తనే చెప్పేయొచ్చు. చెప్పలేదు. నన్నే చూస్తూ ఆగింది. సాత్తూరులో రిసెప్షన్ అంటే ఇవాళ్టికంటే నాలుగింతల జనం. 

"నిలబడతానవ్వా," అన్నాను.

"గట్టిగా చెప్పు."

"నిలబడతాను."

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అక్క నాయనకు ఫోన్ చేసి, రిసెప్షన్ పని వచ్చిందని, సోమవారం వ్యానుకు రానని ఆఫీసు ఆయనకు చెప్పేయమని అంది. జరిగినదంతా చెప్పింది.  అవతల నాయన ఏదో అడిగితే అక్క ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది.

"రిసెప్షన్ కూడా కల్యాణంలోదే. మాట ఇచ్చినాను, వెంబకోట్టైకి నేను చెప్పుకుంటా," అన్నాడు నాయన. "నువ్వు అంతమందిలో మాట్లాడితివంట. నిజమా?"

"నిజమే నాయనా."

"ఏమని? ఇప్పుడు చెప్పు, వింటా."

బస్సు నిండా జనం. ఇంజను హోరు. మెల్లగా చెబితే ఆయనకు వినిపించదు.

"ఇది తినేది, అద్దుకొని తినండి," అన్నాను గట్టిగా.

కండక్టర్ తిరిగి చూశాడు. ముందు సీటులో, ఒళ్ళో సంచి పెట్టుకుని కునుకుతున్న ముసలామె కళ్ళు తెరిచి వెనక్కి చెయ్యి చాపింది.

"ఏది? ఇయ్యి," అంది.

అక్క అప్పటికే ఐసు పెట్టె మూత తీస్తోంది.